కుక్కకు ఫిట్స్ వస్తే పిచ్చి పట్టినట్టేనా..? మెదడువాపును ఎంఆర్‌ఐ ఎలా పట్టిస్తుంది.. ఎక్కడ తడబడుతుంది?

నిన్నటిదాకా బాగానే ఉన్న కుక్క ఒక్కసారిగా గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. తల ఒక పక్కకు వాలుస్తుంది. గోడకు తల ఆనించి అలాగే నిలబడిపోతుంది. కాళ్లు తడబడతాయి, ఫిట్స్ వస్తాయి, పెంచిన మనిషినే గుర్తుపట్టదు. పల్లెల్లో అయితే దీనికి ఒక్కటే మాట.. పిచ్చి పట్టింది. ఆ తర్వాత ఆ కుక్క గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కానీ ఈ లక్షణాలన్నీ రేబిస్ వల్లే రావాలని లేదు. కుక్క మెదడులో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ వచ్చినా ఇలాగే ఉంటుంది. అందులో కొన్ని రకాలకు మందులున్నాయి. సకాలంలో పట్టుకుంటే కొన్ని కుక్కలు ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆ వాపును బతికుండగానే చూపించే సాధనం ఎంఆర్‌ఐ. మనుషులకు తీసే స్కానింగే, కుక్కలకూ తీస్తారు. అయితే మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ లాంటి ఏజెన్సీ మండలంలో ఉన్నవాళ్లకు ఆ స్కానింగ్ ఎంత దూరం? అసలు అది తీస్తే ఏం తెలుస్తుంది, ఏం తెలియదు? తీయించలేకపోతే ఏం చేయాలి?

ముందు రేబిస్ సంగతి తేలాలి

ఎంఆర్‌ఐ గురించి మాట్లాడే ముందు ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. టీకాలు వేయించని కుక్కకు నరాల లక్షణాలు కనిపిస్తే, మొదటి అనుమానం రేబిస్ మీదే ఉండాలి. ప్రపంచవ్యాప్తంగా రేబిస్‌తో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని అంచనా. మనుషులకు సోకే కేసుల్లో 99 శాతం కుక్కల వల్లే. లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా, కుక్కకైనా దాదాపు మరణమే. కాబట్టి అనుమానం ఉన్న కుక్కను కార్లో వేసుకుని స్కానింగ్ సెంటర్‌కు తీసుకెళ్లడం తెలివైన పని కాదు. దారిలో పట్టుకున్నవాళ్లు, మత్తు ఇచ్చే డాక్టర్, నోట్లో గొట్టం పెట్టే సిబ్బంది.. అందరూ ప్రమాదంలో పడతారు.

రేబిస్ అనగానే నురగలు కక్కుతూ కరవడానికి వచ్చే కుక్కే కళ్ల ముందు మెదులుతుంది. అసలు భయపడాల్సింది రెండో రకానికి. దీన్ని మూగ రేబిస్ అంటారు. ఇందులో కుక్క ఎగబడదు. మూల చేరి పడుకుంటుంది. కింది దవడ వేలాడిపోతుంది, మింగలేదు, చొంగ కారుతుంది. చూసినవాళ్లు గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనుకుని నోట్లో చెయ్యి పెడతారు. ఆ చొంగలోనే వైరస్ ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. దవడ వేలాడుతున్న కుక్క నోట్లో చేయి పెట్టొద్దు. ఎముక కాదు కదా, బంగారం ఇరుక్కున్నా సరే.

రేబిస్ వచ్చిన కుక్క మెదడును కూడా ఎంఆర్‌ఐ తీసి చూశారు. థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు వెర్రెత్తే రకం, చచ్చుబడే రకం రెండింటినీ స్కాన్ చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. రెండు రకాల మధ్య తేడాలు కనిపించాయి. అది పరిశోధన వరకు పనికొచ్చింది. వైద్యానికి మాత్రం కాదు. రేబిస్‌ను ఎంఆర్‌ఐ చూసి నిర్ధారించరు. కుక్క చనిపోయాక మెదడు కణజాలాన్ని ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతే ఇప్పటికీ ప్రామాణికం.

కరిచిన కుక్కకు లక్షణాలేవీ లేకపోతే పది రోజులు కట్టేసి గమనించమంటారు. ఆ పది రోజులూ కుక్క ఆరోగ్యంగా బతికి ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. అయితే ఈ గమనింపు కోసం మనిషి టీకా ఆపకూడదు. గాయాన్ని సబ్బు పెట్టి ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా సున్నా, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే దాంతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు.

మరి మెదడువాపు అంటే ఏంటి?

తెలుగు నాట మెదడువాపు అంటే దోమల వల్ల పిల్లలకు వచ్చే జ్వరం గుర్తొస్తుంది. ఇది అది కాదు. కుక్క మెదడులో, మెదడు చుట్టూ ఉండే పొరల్లో తెల్లరక్తకణాలు గుంపులుగా చేరి కణజాలం ఉబ్బిపోవడమే ఇక్కడ మెదడువాపు. కారణాలు రెండు రకాలు.

మొదటిది, బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవి. మన దగ్గర ఎక్కువగా చూసేది డిస్టెంపర్ వైరస్. ముందు జ్వరం, కళ్ల పుసులు, ముక్కు కారడం, విరేచనాలు. కొన్ని వారాలకు తగ్గిందనుకునేలోపు కాలు దానంతటదే అదరడం, నములుతున్నట్టు దవడ కొట్టుకోవడం, ఫిట్స్. గోమార్ల (పిడుదుల) ద్వారా వచ్చే ఎర్లీషియా కూడా కొన్నిసార్లు మెదడు దాకా పాకుతుంది. పశువుల్లో సర్రాగా పిలిచే ట్రిపనోసోమా కుక్కలకూ సోకుతుంది. కంటి గుడ్డు తెల్లగా మసకబారడం దాని గుర్తుల్లో ఒకటి. టాక్సోప్లాస్మా, నియోస్పోరా లాంటి పరాన్నజీవులు, క్రిప్టోకోకస్ అనే ఫంగస్, చెవిలో చీము లోపలికి పాకి వచ్చే బ్యాక్టీరియా.. ఇవన్నీ ఈ జాబితాలోవే.

రెండోది వింతైనది. ఏ సూక్ష్మజీవీ దొరకదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటుపడి సొంత మెదడు మీద దాడి చేస్తుంది. కారణం తేలని మెదడువాపు అని దీనికి పశువైద్యంలో పేరు. పేరులోనే నిజాయితీ ఉంది. కుక్క బతికుండగా మెదడు ముక్క తీసి చూస్తే తప్ప కచ్చితమైన రకం చెప్పలేం కాబట్టి, డాక్టర్లు ఈ పేరుతోనే చికిత్స మొదలుపెడతారు. ఇది ఒక కుక్క నుంచి మరో కుక్కకు గానీ, మనుషులకు గానీ అంటదు.

ఈ రెండో రకం ఎక్కువగా వచ్చేది చిన్న సైజు జాతులకు. పగ్, యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్, చివావా. పగ్ అంటే చాలామందికి వెంటనే తట్టదేమో గానీ, హచ్ కుక్క అంటే తెలియనివాళ్లు లేరు. 2003లో వచ్చిన ఆ టీవీ ప్రకటనలో పిల్లాడి వెనక నడిచిన చీకా అనే పగ్ పుణ్యమా అని దేశమంతా ఆ జాతికి గిరాకీ పెరిగింది. కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ జాతి పేరుతోనే ఒక మెదడు జబ్బు ఉందని తెలుసు? దానికి చాలాకాలం పగ్ డాగ్ ఎన్‌సెఫలైటిస్ అనే పేరు ఉండేది. 1989లో కాలిఫోర్నియా పరిశోధకులు చనిపోయిన పగ్‌ల మెదళ్లు పరిశీలించి, మెదడు పైపొర కుళ్లిపోయినట్టు ఎలా నశిస్తోందో వివరంగా రాశారు. 2010లో వెలువడిన జన్యు అధ్యయనం దీని మూలాన్ని 12వ క్రోమోజోమ్‌లో, రోగనిరోధక శక్తిని నడిపే జన్యువుల దగ్గర పట్టుకుంది. అంటే జబ్బు వచ్చే అవకాశం వంశం నుంచే వస్తోంది. ఎక్కువగా ఈడొచ్చిన పడుచు కుక్కల్లోనే బయటపడుతుంది.

యంత్రం లోపల ఏం జరుగుతుంది?

ఎంఆర్‌ఐలో ఎక్స్‌రే కిరణాలుండవు. ఉండేది పెద్ద అయస్కాంతం. ఆసుపత్రుల్లో సాధారణంగా వాడే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కణాలు ఈ బలానికి ఒక వరుసలో నిలబడతాయి. రేడియో తరంగాలతో వాటిని కదిపి, తిరిగి సర్దుకునేటప్పుడు వచ్చే సంకేతాన్ని కంప్యూటర్ బొమ్మగా మారుస్తుంది. వాపు ఉన్నచోట నీరు చేరుతుంది. నీరున్నచోట సంకేతం మారుతుంది. మొత్తం కిటుకు ఇక్కడే ఉంది.

ఒకే మెదడును యంత్రం నాలుగైదు రకాలుగా ఫొటో తీస్తుంది. టీ-2 అనే రకంలో నీరు తెల్లగా మెరుస్తుంది. కాబట్టి వాచిన చోటు తెల్లమచ్చలా కనిపిస్తుంది. కానీ ఒక చిక్కుంది. మెదడు గదుల్లో మామూలుగా ఉండే ద్రవం కూడా తెల్లగానే ఉంటుంది. దాని పక్కనున్న మచ్చ అందులో కలిసిపోతుంది. ఫ్లెయిర్ అనే రకం ఆ మామూలు ద్రవాన్ని నల్లగా మార్చేసి, వాపును మాత్రం తెల్లగా ఉంచుతుంది. దాక్కున్న మచ్చ అప్పుడు బయటపడుతుంది. ఇక టీ-1 రకాన్ని రెండుసార్లు తీస్తారు. ఒకసారి మామూలుగా, మరోసారి రక్తనాళంలోకి గాడోలినియం ఉన్న మందు ఎక్కించాక. ఆరోగ్యంగా ఉన్న మెదడు రక్తనాళాలు ఈ మందును లోపలికి రానివ్వవు. వాపు వల్ల ఆ అడ్డుగోడ దెబ్బతిన్నచోట మందు కారి తెల్లగా వెలుగుతుంది. మెదడు పొరలకు వాపు ఉంటే అంచు వెంబడి గీత గీసినట్టు మెరుస్తుంది. వీటితో పాటు రక్తస్రావాన్ని పట్టే రకం ఒకటి, పక్షవాతాన్ని పట్టే రకం ఒకటి అవసరాన్ని బట్టి తీస్తారు.

మచ్చ ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి.. వీటిని బట్టి డాక్టర్ ఒక అంచనాకు వస్తారు. పగ్‌లలో వచ్చే రకం ఎక్కువగా పెద్దమెదడు పైపొర దగ్గర, బూడిదరంగు భాగం తెల్లభాగంతో కలిసేచోట ఉంటుంది. యార్క్‌షైర్‌లలో వచ్చే రకం లోపలి తెల్లభాగాన్ని, మెదడు కాండాన్ని తింటుంది. గ్రాన్యులోమా రకం ఒకేసారి పలుచోట్ల మచ్చలుగా కనిపించొచ్చు, లేదా ఒకే గడ్డలా ఉండి ట్యూమర్‌ను తలపించొచ్చు. చెవి నుంచి పాకిన చీము అయితే చెవి లోపలి ఎముక గదిలో ద్రవం, దానికి ఆనుకున్న పొర మెరవడం రెండూ ఒకే బొమ్మలో దొరుకుతాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంఆర్‌ఐ దాదాపు వేలెత్తి చూపించినట్టే చెబుతుంది. డిస్టెంపర్‌లో మచ్చలు చిన్నమెదడు దగ్గర, పెద్దమెదడు పక్కభాగాల్లో కనిపించొచ్చు. మొదటి రోజుల్లో స్పష్టంగా కనిపించకపోవచ్చు కూడా.

మరో ముఖ్యమైన పని.. ఒత్తిడిని చూపించడం. పుర్రె గట్టి డబ్బా లాంటిది. లోపల వాపు పెరిగితే మెదడుకు పోయే చోటు లేక, వెన్నుపాము బయటికి వెళ్లే రంధ్రంలోకి జారుతుంది. ఇది ప్రాణాంతకం. ఎంఆర్‌ఐలో ఇది కనిపిస్తే తర్వాతి పరీక్ష చేయాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

బొమ్మ ఎక్కడ మోసం చేస్తుంది?

స్కానింగ్ తీస్తే రోగం తెలిసిపోతుందని మనుషుల విషయంలోనూ మనకో నమ్మకం. కుక్కల విషయంలో లెక్కలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 2012లో అమెరికా పరిశోధకులు వందకు పైగా కుక్కల స్కాన్లను జబ్బు పేరు చెప్పకుండా నిపుణులకు చూపించారు. మెదడులో తేడా ఉందా లేదా అన్నది సుమారు 94 శాతం సందర్భాల్లో పట్టుకోగలిగారు. ట్యూమరా, వాపా అన్నదీ బాగానే చెప్పారు. అదే పక్షవాతం లాంటి రక్తనాళాల జబ్బులకొచ్చేసరికి సుమారు 39 శాతమే. చాలా వాటిని వేరే జబ్బు అనుకున్నారు.

అంతకుముందు 2005లో లండన్ డాక్టర్లు మరో కోణంలో చూశారు. వెన్నునీటి పరీక్షలో వాపు ఉందని తేలిన 25 కుక్కల ఎంఆర్‌ఐలు తిరగేస్తే 19 కుక్కల్లోనే తేడా కనిపించింది. మిగతా 6 కుక్కల బొమ్మలు మామూలుగా ఉన్నాయి. అంటే నాలుగింట ఒకటి. ఎంఆర్‌ఐ బాగుంది కాబట్టి మెదడు బాగుందని చెప్పేయడం కుదరదన్నమాట.

దీనికి ఉల్టా పొరపాటు కూడా జరుగుతుంది. ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చిన కుక్కను వెంటనే స్కాన్ చేస్తే మెదడు పక్కభాగాల్లో తెల్లమచ్చలు కనిపించొచ్చు. అవి వాపు జబ్బు వల్ల వచ్చినవి కావు, ఫిట్స్ వల్లే వచ్చినవి. కొన్ని వారాలకు మాయమవుతాయి. కారణం ఏది, ఫలితం ఏది అన్నది బొమ్మ చెప్పదు. బాక్సర్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి జాతుల్లో గ్లియోమా అనే ట్యూమర్ ఎక్కువ. అది కూడా వాపులాగే నటిస్తుంది.

సీటీ స్కాన్ చౌక కదా, అది చాలదా అని చాలామంది అడుగుతారు. తలకు దెబ్బ తగిలినా, లోపల రక్తం కారినా, పెద్ద గడ్డ ఉన్నా సీటీ పనికొస్తుంది. మెత్తటి మెదడు కణజాలంలో సన్నటి వాపును పట్టుకోవడంలో అది ఎంఆర్‌ఐకి సాటిరాదు.

వెన్నునీరు ఎందుకు తీస్తారు?

అందుకే ఎంఆర్‌ఐ తర్వాత, అదే మత్తులో, మెడ వెనక పుర్రె కింది నుంచి సూదితో కొద్దిగా వెన్నునీరు తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఆ నీరు తేటగా ఉంటుంది. ఒక మైక్రోలీటర్‌లో తెల్లకణాలు 5 కంటే తక్కువే ఉంటాయి. మెదడువాపు ఉంటే ఈ సంఖ్య పదులు, వందలకు చేరుతుంది. ఏ రకం కణాలు ఎక్కువ ఉన్నాయన్నది మరో ఆధారం. బ్యాక్టీరియా అయితే న్యూట్రోఫిల్స్, రక్షణ వ్యవస్థ దాడి అయితే ఎక్కువగా లింఫోసైట్స్. అదే నీటిని, రక్తాన్ని పీసీఆర్ పరీక్షకు పంపితే డిస్టెంపర్, టాక్సోప్లాస్మా లాంటివి ఉన్నాయో లేదో చూస్తారు.

ఈ నీరు మందుసీసాలో పోసి బస్సులో పంపించేది కాదు. అందులోని కణాలు త్వరగా చితికిపోతాయి. తీసిన గంటలోపు లెక్కపెట్టడం మంచిది. పైగా ఎంఆర్‌ఐలో మెదడు కిందికి జారుతున్నట్టు కనిపిస్తే సూది గుచ్చరు. గుచ్చితే ఒత్తిడి ఒక్కసారిగా మారి ఊపిరి ఆగిపోవచ్చు. బొమ్మ ముందు, సూది తర్వాత అనే క్రమం అందుకే.

మత్తు గురించి ఒక మాట. మనిషికి కదలొద్దని చెబితే పడుకుంటాడు. కుక్క పడుకోదు. మోత కూడా చెవులు పగిలేలా ఉంటుంది. కాబట్టి పూర్తి మత్తు తప్పనిసరి. స్కానింగ్‌కు సుమారు గంట పడుతుంది. అప్పటికే మెదడు ఉబ్బిన కుక్కకు ఇది చిన్న విషయం కాదు. మెడలో గొలుసు, ఒంట్లో ఇనుప ముక్కలు ఉంటే ముందే చెప్పాలి.

అసలు ప్రశ్న.. స్టెరాయిడ్ ఇవ్వాలా, వద్దా?

ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఎందుకంటే.. దీని వెనక ఒకే ఒక్క నిర్ణయం ఉంది. రక్షణ వ్యవస్థ దాడి వల్ల వచ్చిన వాపైతే ఆ వ్యవస్థను అణచాలి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. దాంతో పాటు సైటరాబిన్, సైక్లోస్పోరిన్ లాంటి మందులు వాడతారు. సూక్ష్మజీవి వల్ల వచ్చినదైతే అదే స్టెరాయిడ్ శత్రువుకు గేటు తెరిచినట్టవుతుంది. ఫంగస్ ఉన్న కుక్కకు పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇస్తే రెండు మూడు రోజులు హుషారుగా లేస్తుంది. యజమాని సంతోషిస్తాడు. తర్వాత మరింత దిగజారుతుంది. ఈ తాత్కాలిక హుషారే అందరినీ మోసం చేస్తుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. ముందే స్టెరాయిడ్ ఇంజక్షన్ పడిన కుక్కకు తర్వాత ఎంఆర్‌ఐ, వెన్నునీటి పరీక్ష చేస్తే గుర్తులు చెదిరిపోయి ఉంటాయి. మచ్చ మెరుపు తగ్గుతుంది, కణాల సంఖ్య పడిపోతుంది. కాబట్టి స్కానింగ్‌కు తీసుకెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఆ మాట లోకల్ డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఏ ఇంజక్షన్లు పడ్డాయో చీటీ మీద రాయించుకోవాలి. ఫిట్స్ ఆపే మందు మాత్రం ఆపాల్సిన పనిలేదు. అది ప్రాణం నిలిపే మందు.

చికిత్స ఫలితం కుక్క కుక్కకూ మారుతుంది. కొన్ని మందులు మొదలుపెట్టిన వారంలోపే చనిపోతాయి. ఆ వారం గట్టెక్కినవాటిలో కొన్ని మందుల మీదే ఏళ్లు గడుపుతాయి. మందు తగ్గిస్తుంటే జబ్బు తిరగబెట్టేవీ ఉన్నాయి. కొందరు డాక్టర్లు మూడు నెలలకు మళ్లీ ఎంఆర్‌ఐ తీసి, మచ్చలు పోయాయని నిర్ధారించుకున్నాకే మోతాదు తగ్గిస్తారు.

కొత్తగూడ నుంచి ఎంత దూరం?

కొత్తగూడ పేరుతో తెలంగాణలో రెండు ఊళ్లు బాగా వినిపిస్తాయి. ఒకటి హైదరాబాద్‌లో కొండాపూర్ పక్కన, ఫ్లైఓవర్, ఐటీ ఆఫీసులు ఉన్న కొత్తగూడ. పెట్ క్లినిక్‌లకు కొదవలేని ప్రాంతం. రెండోది పాకాల అడవుల అవతల, కోయగూడేలు, లంబాడా తండాలున్న కొత్తగూడ మండలం. 2016లో జిల్లాల విభజనతో వరంగల్ నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ పగ్‌లు కాదు, చేనుకు, మేకల మందకు, ఇంటికి కాపలా కాసే ఊరకుక్కలే ఎక్కువ. ఆ కుక్క పోతే మందకు కాపలా పోయినట్టే.

ఇక్కడి నుంచి పెద్ద డాక్టర్ దాకా వెళ్లాలంటే నర్సంపేట మీదుగా వరంగల్ దారి పట్టాలి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఆపైన హైదరాబాద్‌లో 1946లో మొదలైన రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. జంతువుల కోసమే ఎంఆర్‌ఐ పెట్టిన ఆసుపత్రులు దేశంలోనే కొద్ది మహానగరాల్లో ఉన్నాయి. 2024 జూలైలో ముంబై మహాలక్ష్మిలో టాటా ట్రస్ట్స్ తెరిచిన చిన్న జంతువుల ఆసుపత్రి అలాంటిదే. రతన్ టాటా కలగన్న ఈ ఆసుపత్రికి సుమారు 165 కోట్లు ఖర్చయింది. బయల్దేరే ముందు ఫోన్ చేసి యంత్రం పనిచేస్తోందా, మత్తు డాక్టర్ ఉన్నారా అని కనుక్కోవడం అవసరం.

నిజం చెప్పాలంటే, మేకలు కాసే కుటుంబం కుక్క కోసం వేల రూపాయల స్కానింగ్‌కు వెళ్లడం చాలా వరకు జరిగే పని కాదు. అయితే ఎంఆర్‌ఐ లేకపోతే అంతా చీకటే అనుకోనక్కర్లేదు. ఫిట్స్ వచ్చిన కుక్కల్లో చాలావాటికి కారణం మెదడు బయటే ఉంటుంది. మిర్చి, పత్తి చేలల్లో కొట్టే పురుగుమందు నోట్లో పడితే చొంగ, వణుకు, ఫిట్స్ వస్తాయి. కంటిపాప సూదిమొనలా చిన్నదవుతుంది. రేబిస్ అనుకుని వదిలేస్తే చనిపోతుంది. గంటల్లో విరుగుడు పడితే బతుకుతుంది. పిల్లలకు పాలిచ్చే కుక్క కాళ్లు బిగుసుకుని వణుకుతుంటే కాల్షియం తగ్గిందేమో చూడాలి. నరానికి నెమ్మదిగా ఎక్కించే కాల్షియంతో డాక్టర్ కళ్లముందే లేచే కేసులివి. గోమార్లు పట్టిన కుక్కకు రక్తపు చుక్క స్లైడ్ మీద పరీక్షించడం, ట్రిపనోసోమా ఉందేమో చూడటం పెద్ద ల్యాబ్ లేకుండానే అయ్యే పనులు.

ఇంటి మనిషి చేయగలిగిన పని ఒకటుంది. ఫిట్స్ వచ్చినప్పుడు దూరంగా నిలబడి ఫోన్‌లో వీడియో తీయడం. ఎంతసేపు వచ్చింది, ముందు ఏ కాలు కొట్టుకుంది, తర్వాత ఎటువైపు తిరిగింది.. డాక్టర్‌కు ఇది సగం పరీక్షతో సమానం. కుక్క ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతుంటే పెద్దమెదడులో దెబ్బ చాలాసార్లు ఆ పక్కే ఉంటుంది. తల వాలి, కళ్లు గిలగిలా కదులుతుంటే చెవి లోపల గానీ మెదడు కాండంలో గానీ తేడా ఉన్నట్టు. దీంతోనే జబ్బు ఎక్కడుందో అనుభవం ఉన్న డాక్టర్ ఓ అంచనాకొస్తారు. ఎంఆర్‌ఐ ఆ అంచనాను సరిచూసే సాధనం. నడిచి రాలేని పశువుల కోసం రాష్ట్రంలో 2017లో 1962 నంబర్‌తో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి.

డిస్టెంపర్ ఊరితో ఆగదు

కారణం తేలని మెదడువాపుకు టీకా లేదు. డిస్టెంపర్‌కు ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి డోసు, తర్వాత కొన్ని వారాల తేడాతో నాలుగు నెలలు నిండేదాకా మళ్లీ డోసులు, ఏడాదికి బూస్టర్. మూడు నెలలకు రేబిస్ టీకా. మెదడులోకి చేరిన డిస్టెంపర్‌కు ఎంత పెద్ద యంత్రం పెట్టి చూసినా వైరస్‌ను చంపే మందు లేదు.

అడవి పక్క మండలాలకు ఇది ఇంకా ముఖ్యం. 2018 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి. పరీక్షల్లో కొన్నింటిలో కుక్కల డిస్టెంపర్ వైరస్ దొరికింది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల అంచున కుక్కలు పశువులతో పాటు రోజూ అడవిలోకి పోయి వస్తుంటాయి. చిరుతకు, పులికి ఈ వైరస్ సోకితే చికిత్స చేసేదెవరు?

కుక్క చనిపోతే..

నరాల లక్షణాలతో చనిపోయిన కుక్కను వెంటనే పూడ్చేయడమే అలవాటు. అది ఎవరినైనా కరిచి ఉన్నా, గీకి ఉన్నా పూడ్చే ముందు పశువుల డాక్టర్‌కు కబురు చేయాలి. తలను ఇంట్లోవాళ్లు కోయకూడదు. డాక్టరే చేతికి తొడుగులు, ముఖానికి రక్షణ పెట్టుకుని మెదడు నమూనా తీసి, ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు పంపుతారు. ఎండలో ఒక్క పూట ఉంటే కణజాలం పాడై పరీక్షకు పనికిరాదు. ఆ నివేదిక వచ్చేదాకా కరిపించుకున్నవాళ్లు టీకా డోసు ఒక్కటీ మానకూడదు. రిపోర్టులో రేబిస్ లేదని వస్తే, మిగతా డోసులు అవసరమా కాదా అన్నది ఆసుపత్రి డాక్టర్ చెబుతారు.